తిరిగే పీఠం తీసేశాకే కుదురుకున్న నా బెంచ్ వైస్

నా పనిబల్ల మీది 5 అంగుళాల బెంచ్ వైస్‌కు, అంటే పని ముక్కను రెండు దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టుకు, ఆరేళ్లు నిండాయి. దవడలు ఎంత మేర తెరుచుకుంటాయి, మొత్తం ఎంత బరువు తూగుతుంది వంటి వివరాలు అట్టపెట్టె మీదే ఉంటాయి కనుక వాటి జోలికి వెళ్లను. నేను రాయదలచినది దాని అడుగున బిగించి ఇచ్చే తిరిగే పీఠం గురించి, అంటే అందరూ స్వివెల్ బేస్ అని పిలిచే భాగం గురించి. కొన్నప్పుడు ఆ పీఠం కోసమే ఈ వైస్‌ను ఎంచుకున్నాను. మూడేళ్లు దానితో వేగిన తరువాత, దాన్ని విప్పి పక్కన పెట్టాకే నాకు వైస్ మీద నమ్మకం కుదిరింది.

మొదట్లో ఆ పీఠాన్ని నేను అడిగినవారికీ అడగనివారికీ మెచ్చుకుంటూ చెప్పిన మాట నిజం. రెండు బోల్టులు వదులు చేసి వైస్‌ను కావలసిన వైపు తిప్పుకొని, వెలుతురు సరిగా పడేలా నిలబడి ఆకురాయి పట్టడం ఎంతో సుఖంగా అనిపించింది. అయితే ఆ తిప్పడమంతా తొలి రెండు మూడు నెలల్లోనే జరిగింది. ఆ తరువాత వైస్‌ను ఉన్న చోటే ఉంచి నేనే బల్ల చుట్టూ తిరిగి పని చేయడం అలవాటైంది. నా బల్లకు మూడు పక్కలా ఖాళీ ఉండడం వల్ల, తిప్పవలసిన అవసరం నెలకు ఒకసారి కూడా రాలేదు.

చిక్కు బరువైన పనిలో బయటపడింది. 12 మి.మీ. ఇనుప చువ్వను దవడల మధ్య అడ్డంగా బిగించి, దానికి 60 సెం.మీ. గొట్టం తొడిగి పక్కకు వంచబోతే, చువ్వ వంగడానికి బదులు వైస్ మొత్తం పీఠం మీద మెల్లగా తిరిగిపోయేది. దీనికి కారణం తేలికైన లెక్కే. గొట్టం చివర 25 కిలోల బలంతో తోస్తే, సుమారు 6 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న పీఠపు అంచు దగ్గర అది 250 కిలోల బలమవుతుంది. ఆ బలాన్ని ఆపవలసింది రెండు బోల్టుల బిగువు వల్ల పుట్టే రాపిడి ఒక్కటే. పళ్లు గానీ మేకు గానీ అందులో ఉండవు. దానికి తోడు నా వైస్‌లో ఆనుకునే రెండు ముఖాలకూ కర్మాగారంలోనే రంగు పూసి ఉంది, పైగా దవడలను బిగించే మర నుంచి జారిన నూనె ఆ సందులోకి చేరింది.

పీఠం విప్పి ఆ రంగును గీకి, కిరోసిన్‌తో తుడిచి, గరుకు కాగితంతో రెండు ముఖాలనూ రుద్ది మళ్లీ బిగించాను. జారుడు చాలావరకు తగ్గింది. ఎంత తగ్గిందో చూద్దామని పీఠం మీదుగా వైస్ ఒంటి మీదికి తెల్ల రంగుతో ఒకే గీత గీశాను. మామూలు కోతపనికి గీత కలిసే ఉండేది. చువ్వలు వంచిన రోజు సాయంత్రానికి మాత్రం పై సగానికీ కింది సగానికీ మధ్య 3 మి.మీ. తేడా కనబడేది. తేడా కనబడినప్పుడల్లా బోల్టులను ఇంకొంచెం బిగించడం నాకు అలవాటైపోయింది, చివరికి ఆ అలవాటే పీఠాన్ని విరగ్గొట్టింది.

మూడో ఏడు చివర్లో ఒక తుప్పుపట్టిన పైపు జాయింటును విప్పవలసి వచ్చింది. గీత మళ్లీ తప్పింది. ఈసారి పానాకు పొడుగు గొట్టం తొడిగి, పీఠపు బోల్టును నా బరువంతా ఆనించి లాగాను. బోల్టు తల పీఠం లోపల ఒక గాడిలో ఇరుక్కొని ఉంటుంది. ఎంత బిగిస్తే అది ఆ గాడి పెదవిని అంతగా పైకి లాగుతుంది. టక్కున ఒక పొడి శబ్దం వచ్చింది, పానా ఒక్కసారిగా వదులైంది, పీఠపు అంచు నుంచి అర్ధచంద్రాకారంలో ఒక ముక్క ఊడి బల్ల మీద పడింది. విరిగిన చోట వేలు పెడితే పెన్సిల్ పొడిలాంటి నల్లని మసి అంటుకుంది. అది మామూలు పోత ఇనుము. అందులో గ్రాఫైటు పలుచని రేకుల్లా పరచుకొని ఉండడం వల్ల నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది గానీ లాగుడును ఓర్వలేదు, ఉక్కులా వంగి ముందుగా సూచన ఇవ్వకుండానే విరుగుతుంది. ఇంతటి లాగుడు పడే గాడి పెదవిని వేలి మందమైనా లేకుండా పోత పోయడం మీద నాకు ఇప్పటికీ కోపమే. గ్రాఫైటు గుండ్రని గుళికలుగా ఏర్పడే డక్టైల్ ఇనుముతో చేసి ఉంటే, నా మొరటుతనాన్ని కూడా బహుశా తట్టుకునేది.

విరిగిన ముక్కను అతికించాలని నేను చూడలేదు. పోత ఇనుమును నిలకడగా వేడి చేసి నికెల్ కడ్డీతో వెల్డింగ్ చేయాలి, అది నా దగ్గర జరిగే పని కాదు. అందుకు బదులు 12 మి.మీ. ఉక్కు ప్లేటు తెచ్చి, దాన్ని సి క్లాంపులతో బల్ల అంచుకు పట్టించి, వైస్ ఒంటికి ఉన్న రెండు చెవుల, అంటే బోల్టులు దూర్చడానికి పక్కలకు పొడుచుకొచ్చిన భాగాల, రంధ్రాలకు సరిపోయేలా తొలిచాను. ఒంటి అడుగున బొడ్డులా పొడుచుకొచ్చిన భాగం కోసం చుట్టూ చిన్న రంధ్రాలు వరుసగా వేసి, మధ్య ముక్కను ఊడగొట్టి, ఆకురాయితో నునుపు చేయడానికి రెండు పూటలు పట్టింది. పీఠం పోవడంతో దవడలు 40 మి.మీ. కిందికి దిగాయి. నిటారుగా నిలబడి ముంజేతిని మడిచినప్పుడు మోచేయి ఏ ఎత్తులో ఉంటుందో దవడల పైఅంచు ఆ ఎత్తులో ఉంటేనే ఆకురాయి సమంగా సాగుతుంది కాబట్టి, ప్లేటు కింద 28 మి.మీ. మందం గల చేవకర్ర దిమ్మను పెట్టి ఆ లోటు పూడ్చాను. వైస్ చెవుల నుంచి ప్లేటు, దిమ్మ, బల్ల పలక అన్నింటినీ దాటి కిందికి దిగే 130 మి.మీ. పొడవైన 12 మి.మీ. బోల్టులు వేసి, బల్ల అడుగున వాషర్లకు బదులు 6 మి.మీ. ఇనుప పట్టీ పెట్టి బిగించాను. చెవులు కూడా అదే పోత ఇనుము కనుక, బిగించే ముందు ప్లేటుకూ వాటికీ మధ్య కాగితం దూరే సందు ఉందేమో చూసి, ఒక పక్కన కనబడిన సందులో పలుచని ఇత్తడి రేకు దూర్చాను. సందు ఉండగా బిగిస్తే చెవికి కూడా పీఠానికి పట్టిన గతే పడుతుంది.

ఆ సందర్భంలోనే వైస్‌ను బల్ల మధ్య నుంచి జరిపి సరిగ్గా బల్ల కాలి మీదికి తెచ్చాను. కదలని దవడ ముఖం బల్ల అంచును కొద్దిగా దాటి ఉండేలా చూసుకున్నాను, లేకపోతే పొడవైన పట్టీని నేల వరకు నిలువుగా బిగించడం కుదరదు.

ఫలితం నేను ఎదురుచూసిన దానికంటే చాలా ఎక్కువగా వచ్చింది. ఆకురాయి పట్టినప్పుడు వినిపించే కీచుమనే చప్పుడు దాదాపు పోయింది, హ్యాక్సా బ్లేడు పళ్లు తరచుగా విరగడం తగ్గింది, చువ్వ ఎక్కడ వంగాలో అక్కడే వంగుతోంది. అయితే ఈ మేలంతా పీఠం తీసినందువల్లే అనడం న్యాయం కాదు. బల్ల మధ్య భాగం ఇదివరకు సన్నగా ఊగేది, కాలి మీదికి జరపడంతో ఆ ఊపు కూడా ఆగింది. చెక్క కుదురుకునే కొద్దీ బోల్టులు వదులవుతాయి, మొదటి ఏడాది రెండుసార్లు పావు చుట్టు బిగించవలసి వచ్చింది.

మిగతా భాగాల గురించి చెప్పుకోవలసింది తక్కువ. మరలో ఇనుప రజను చేరకుండా తుడిచి గ్రీజు పెడుతున్నంత కాలం అది సాఫీగానే తిరుగుతోంది. దవడల పలకల గళ్లు మెత్తని లోహాల మీద అచ్చులు వేస్తాయి, అందుకని అల్యూమినియం తొడుగులు శాశ్వతంగా తగిలించేశాను.

మళ్లీ కొనవలసి వస్తే నేను నాలుగు చెవులున్న స్థిరమైన వైస్‌నే తీసుకుంటాను. కాకపోతే నా పని ఎక్కువగా వంచడం, విప్పడం, కోయడం. గోడమూలకు ఇరికించిన బల్ల ఉన్నవారికి, పొడవైన గొట్టాలను ఏదో ఒక వైపుకే పట్టించగలిగే చోటున్నవారికి, చిన్న చిన్న భాగాల మీద సున్నితంగా పని చేసేవారికి తిరిగే పీఠం నిజంగానే ఉపయోగపడుతుంది. వారు కూడా కొనే ముందు బోల్టు తల కూర్చునే గాడి పెదవిని వేలితో తడిమి, అది ఎంత మందంగా ఉందో చూసుకోవాలని కోరుతున్నాను.