మహాబలిపురం దాకా ఎండను మోసుకెళ్లాం

చెన్నైలోని వేళచేరి నుంచి సైకిళ్ల మీద మహాబలిపురం వెళ్లి, ఒక రాత్రి ఉండి రావాలని నేనూ బావా ఏడాదిగా అనుకుంటున్నాం. చివరికి మార్చిలో ఒక శనివారం కుదిరింది. పోనూ రానూ వంద కిలోమీటర్లు, అటూ ఇటూగా. దూరం కన్నా నా సంచే భారమైందని బావ ఇప్పటికీ అంటాడు.

నిజమే. ముందు వారం మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో రెండు గంటలు తిరిగాను. 21 వాట్లు అని ముద్ర వేసిన మూడు మడతల సోలార్ ప్యానెల్, వీపున అరచేయంత ప్యానెల్ అతికించిన పవర్ బ్యాంక్, సోలార్ టెయిల్ లైటు, ముందుకి ఒక చవక లైటు కొన్నాను. బేరం బాగానే ఆడనిస్తారు. కానీ బిల్లు మీద ‘టెస్టింగ్ వారంటీ ఓన్లీ’ అని ఉంటే, షాపులో వెలిగించి చూపించడంతోనే వారంటీ అయిపోయిందని అర్థం. అది నాకు తర్వాత తెలిసింది.

తెల్లవారుజామున 4:45కి బయల్దేరాం. తిరువాన్మియూర్ దగ్గర ఈసీఆర్ (సముద్రం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఎక్కేసరికి ఇంకా చీకటే. వెనక నుంచి రయ్యిన దూసుకొచ్చే కార్లకి మనం కనబడాలంటే టెయిల్ లైటే దిక్కు, అది మాత్రం చక్కగా పనిచేసింది. ముందు లైటు ఉత్తండి టోల్‌గేటు దాకా వచ్చి (సైకిళ్లకి టోల్ లేదు, దర్జాగా పక్కనుంచి పోవచ్చు), ఆ తర్వాత ఒక గుంతలో పడి కళ్లు మూసింది. తడితే వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది. మా నాన్న సైకిలుకి సీసా ఆకారంలో డైనమో ఉండేది. 6 వోల్టులు, 3 వాట్లు. చక్రం తిరిగినంతసేపూ వెలుగే, ఏ గుంతకీ జడవలేదు.

ముట్టుకాడు వంతెన మీద పొద్దు పొడిచింది. అక్కడ ఆగి ప్యానెల్‌ని కారియర్ మీద పరిచాను. కోవళం దగ్గర పొంగల్ తినేటప్పుడు, 7:30కి, ఎంత కరెంటు వస్తోందో చూపించే యూఎస్‌బీ మీటరు పెట్టి చూస్తే రెండు వాట్లు! మనం దక్షిణానికి పోతున్నాం, పొద్దు ఎడమ పక్కన కిందుగా ఉంది, ప్యానెలేమో ఆకాశం చూస్తోంది. మధ్యమధ్యలో సరుగుడు చెట్ల నీడ. 21 వాట్లన్నది చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండ నేరుగా పడి, ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర చల్లగా ఉన్నప్పటి లెక్క. వేడెక్కితే డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున తగ్గుతుంది. అంత ఎండ, అంత చల్లదనం రెండూ ఒకేసారి చెన్నైలో ఎక్కడ దొరుకుతాయి?

అసలు తిరకాసు అది కూడా కాదు. ఇక్కడ సైకిల్ తొక్కేవాడు ఎండ ముదరకముందే చేరిపోవాలని చూస్తాడు. ప్యానెల్‌కి కావలసింది పదింటి నుంచి మూడింటి దాకా ఎండ. ఇద్దరికీ పొత్తు కుదరదు.

మహాబలిపురంలో మొదటి లాడ్జివాళ్లు సైకిళ్లు గేటు బయట కట్టుకోమన్నారు. ఏసీ, టీవీ అన్నీ ఉన్నాయి గానీ మేం ఒప్పుకోలేదు. సందులో ఇంకొకటి, 1,100 రూపాయలు, బాత్రూమ్ కుళాయి కారుతూనే ఉంది. అయినా మెట్ల కింద సైకిళ్లు పెట్టనిచ్చారు, చైన్ తుడుచుకోమని పాతగుడ్డ ఇచ్చారు. మా మాటలు విని మేనేజరు “మాది సూళ్లూరుపేట సార్” అన్నాడు. సైకిలు మీద వెళ్లేవాళ్లు గది చూడకముందు మెట్ల కింద చోటు చూసుకోవాలి.

డాబా మీద ప్యానెల్ పరిస్తే పన్నెండింటికి 13 వాట్లు వచ్చాయి. నాకు పట్టరాని సంతోషం. మేనేజరు మెట్ల మీద నుంచి చూసి, “ప్లగ్ పాయింటు మంచం పక్కనే ఉంది కద సార్” అన్నాడు. బావ నవ్వు ఐదు రథాల దాకా వినబడి ఉంటుంది.

పవర్ బ్యాంక్ సంగతి మరీ అన్యాయం. దాని బ్యాటరీ పదివేల ఎంఏహెచ్, అంటే 37 వాట్‌అవర్లు: ఒక వాటు చొప్పున నింపితే 37 గంటలు. వీపున ఉన్న బుల్లి ప్యానెల్ మిట్టమధ్యాహ్నం కూడా ఒక వాటు ఇస్తే గొప్ప. రోజుకి ఐదారు గంటల మంచి ఎండ లెక్కన వారం పైమాటే. పైగా ఎండలో పెడితే దోసె పెనంలా కాలింది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. గబగబా నీడలోకి లాగి, మంచం పక్కన ప్లగ్గుకే తగిలించాను.

సాయంత్రం వెన్నముద్ద బండ (కృష్ణుడి వెన్నముద్ద అని పిలిచే పెద్ద గుండ్రాయి) నీడలో కూర్చున్నాం. తీరం గుడి దగ్గర జనం ఎక్కువ, తొందరగా వచ్చేశాం.

ఆదివారం పొద్దున్నే తిరుగుదారిలో నా వెనక టైరు పంక్చరైంది. ఆ వేళకి పంక్చర్ షాపులు తెరవరు, మన కిట్ మనకుండాలి. అరవై రూపాయల ప్యాచ్‌లు ఆదుకున్నాయి. దారి చూపించే ఫోన్ హ్యాండిల్ మీద ఎండకి వేడెక్కి ఆరిపోయింది. జేబులో పెట్టుకుని చెవిలో దారి విన్నాం.

టెయిల్ లైటు మాత్రం మళ్లీ ఏ రైడ్‌కైనా తీసుకెళ్తాను. అయితే మా అపార్ట్‌మెంట్‌లో సైకిళ్లు సెల్లార్‌లో ఉంటాయి, అక్కడ ఎండ పడదు. వారానికోసారి దాన్ని ఊడదీసి బాల్కనీలో బట్టల తీగకి క్లిప్పు పెట్టి వేలాడదీస్తున్నాను. ప్యానెల్ గూడూరులో అత్తయ్య దగ్గరకి వెళ్లింది. గాలివానకి కరెంటు పోయినప్పుడు డాబా మీద పరిచి ఫోన్ చార్జ్ చేసుకుంటోందట. మొన్న ఫోన్‌లో, “ఇంకోటి ఉంటే పంపు నాయనా, పక్కింటివాళ్లు అడుగుతున్నారు” అంది.