ఎడిన్‌బరాలో థామస్ మెక్రీ జాడలు: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలోని గ్రేఫ్రయర్స్ శ్మశానవాటికకు వచ్చేవాళ్లలో ఎక్కువ మంది బాబీ అనే కుక్క విగ్రహం ముక్కు రుద్ది, ఫొటో దిగి వెళ్లిపోతారు. నేను వెళ్లింది థామస్ మెక్రీ సమాధి కోసం. 1772లో స్కాట్లాండ్ దక్షిణాన ఉన్న డన్స్ ఊళ్లో పుట్టిన ప్రెస్బిటేరియన్ (బిషప్పులు లేని ప్రొటెస్టెంట్ శాఖ) పాస్టరు ఆయన. స్కాట్లాండ్‌లో ప్రొటెస్టెంట్ సంస్కరణకు నాయకుడైన జాన్ నాక్స్ మీద 1811లో రాసిన జీవిత చరిత్రతో ఆయన పేరు మోగిపోయింది. అంతకు ఐదేళ్ల ముందే సొంత శాఖవాళ్లు ఆయన్ను పదవి నుంచి తీసేశారు. మతం విషయంలో ప్రభుత్వానికి బాధ్యత ఉండాలన్న పాత సిద్ధాంతాన్ని ఆయన వదలకపోవడమే కారణం. కోర్టు కేసులో పాటరో వీధిలోని చర్చీ చేజారింది.

గ్రేఫ్రయర్స్‌కు తీరిగ్గా వెళ్లండి, టికెట్ లేదు. చర్చి విషయాల్లో రాజు జోక్యాన్ని ఎదిరిస్తూ 1638లో జాతీయ ఒడంబడికపై సంతకాలు చేసింది ఇక్కడే. 1679లో తిరగబడి ఓడిపోయిన కోవెనంటర్లను, అంటే ఆ ఒడంబడిక పక్షం వాళ్లను, బంధించింది ఈ పక్క స్థలంలోనే. వాళ్లను వెటకారం చేస్తూ ప్రసిద్ధ స్కాటిష్ రచయిత వాల్టర్ స్కాట్ నవల రాస్తే మెక్రీ సుదీర్ఘ విమర్శతో ఉతికేశాడు. స్కాట్ తన నవలపై తానే, పేరు లేకుండా, సమీక్ష రాసుకోవాల్సి వచ్చింది! అదే స్కాట్‌కు ప్రిన్సెస్ స్ట్రీట్‌లో 61 మీటర్ల స్మారకం ఉంది. 287 మెట్లు, పైకి పోయేకొద్దీ ఇరుకు. మోకాళ్ల నొప్పులుంటే కింద నుంచే చూడండి.

నాక్స్ సమాధి సెయింట్ జైల్స్ చర్చి వెనక కార్ పార్కింగ్ కింద ఉందంటారు. 23వ నంబరు దగ్గర చిన్న గుర్తు, అంతే. జాన్ నాక్స్ హౌస్‌కు టికెట్ ఉంది. ఆయన నిజంగా అక్కడ ఉన్నాడా అన్నది అనుమానమే గానీ, రంగులేసిన పాత చెక్క సీలింగు కోసమైనా వెళ్లొచ్చు.

బస విషయానికొస్తే, ఆగస్టు వద్దు. అప్పుడు జరిగే కళల ఫెస్టివల్ వల్ల రేట్లు మండిపోతాయి. ఎడిన్‌బరా పాత నగర భాగంలో (ఓల్డ్ టౌన్) నేను దిగిన గెస్ట్‌హౌస్‌లో లిఫ్ట్ లేదు, సూట్‌కేసుతో మెట్లెక్కేసరికి ప్రాణం పోయింది. వేసవి సెలవుల్లో యూనివర్సిటీ హాస్టల్ గదులు అద్దెకిస్తారు, అవి నయం. బడ్జెట్ టెన్షన్ ఉంటే గ్లాస్గోలో ఉండండి, రైల్లో గంటలోపే. ఎడిన్‌బరా సిటీ బస్సుల్లో బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే చాలు.

కారు లేకపోతే డన్స్ వదిలేయండి. అక్కడికి రైలు లేదు, బెరిక్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. మెక్రీ గురించి నాకక్కడ పెద్దగా ఏమీ కనబడలేదు. రేసింగ్ డ్రైవర్ జిమ్ క్లార్క్ మ్యూజియం మాత్రం బాగుంది, పిల్లలుంటే వాళ్లకు నచ్చుతుంది.