గుండె చుట్టూ కొవ్వు కొలవాలంటే ఎకోనా, సీటీనా, ఎంఆర్‌ఐనా: ఏది మేలు?

టూడీ ఎకో రిపోర్టులో ఒక్కోసారి ‘గుండె ముందు భాగంలో కొవ్వు పొర కనిపించింది’ అనే అర్థంలో ఒక ముక్క రాసి ఉంటుంది. ఇంటికొచ్చి దాన్ని గూగుల్‌లో కొట్టి చూస్తే టెన్షన్ మొదలవుతుంది. రక్తనాళాల్లో బ్లాకులున్నాయని దీనర్థమా? వెంటనే సీటీ తీయించాలా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కొవ్వును కొలవడం కోసమే ఎవరూ కొత్తగా స్కాన్ చేయించుకోనక్కర్లేదు. వేరే కారణంతో స్కాన్ ఎలాగూ తీస్తున్నప్పుడు మాత్రం, ఆ బొమ్మల్లో కనిపిస్తున్న కొవ్వును చూడకుండా వదిలేయడం అన్యాయం.

స్కాన్ల సంగతికి ముందు అసలు ఏ కొవ్వు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. గుండెను సంచిలా కప్పి ఉంచే పొర పేరు పెరికార్డియం. దానికి లోపల, గుండె కండరాన్ని అంటిపెట్టుకుని ఉండేది ఎపికార్డియల్ కొవ్వు. బయటివైపు పేరుకునేది వేరే కొవ్వు. బ్లాకుల విషయంలో ఎక్కువగా పట్టించుకోవాల్సింది లోపలిదాన్నే. దానికీ గుండె కండరానికీ మధ్య అడ్డుపొర ఏదీ ఉండదు, రెండింటికీ రక్తం వచ్చేది కరోనరీ ధమనుల నుంచే. ఆ ధమనులు కూడా చాలా దూరం ఈ కొవ్వులోంచే వెళ్తాయి. ఇది ఆరోగ్యవంతులందరికీ ఉంటుంది, గుండె కండరానికి ఇంధనంగా కొవ్వు ఆమ్లాలు కూడా అందిస్తుంది. కాబట్టి ‘ఉంది’ అని రాసినంత మాత్రాన జబ్బు అనుకోకూడదు. పొట్ట లోపలి కొవ్వుతో పాటు ఇదీ పెరిగినప్పుడే దీని తీరు మారుతుంది. ఇన్‌ఫ్లమేషన్‌ను (కణజాలంలో వచ్చే వాపు లాంటి మంటను) రేపే రసాయనాలను వదులుతుంది, అవి పక్కనే ఉన్న ధమని గోడకు నేరుగా చేరతాయి.

ఇక ఎకో. ఇది చవక, రేడియేషన్ లేదు, చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతుంది. ఈ కొవ్వును ఎకోతో కొలిచే పద్ధతిని 2003లో జియన్లుకా ఇయాకోబెల్లిస్ బృందం ముందుకు తెచ్చింది. పేషెంటును ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, రొమ్ము ఎముకకు ఎడమవైపు ప్రోబ్ పెడతారు. కుడి జఠరిక (గుండె కింది కుడి గది) ముందు గోడ మీద నల్లటి పట్టీ ఒకటి తెర మీద కనిపిస్తుంది, అదే కొవ్వు. గుండె పూర్తిగా ముడుచుకున్న క్షణంలో బొమ్మను ఆపి, గోడకు నిటారుగా గీత గీసి, మిల్లీమీటర్లలో మందం చూస్తారు. గుండె విచ్చుకున్నప్పుడు కొవ్వు నొక్కుకుపోయి పలుచగా కనిపిస్తుంది కాబట్టే ముడుచుకున్న క్షణం కోసం చూడటం. మూడు స్పందనల్లో కొలిచి సగటు తీయడం మంచి పద్ధతి.

చిక్కేమిటంటే, కొవ్వు గుండె మీద అంతటా ఒకేలా పరుచుకుని ఉండదు. ఎక్కువ భాగం ధమనులు వెళ్లే గాడుల్లో చేరుతుంది. ఎకో చూసేది కుడి జఠరిక గోడ మీద ఒక చోటు మాత్రమే. అక్కడ, ఉదాహరణకు, 6 మిల్లీమీటర్లు వస్తే దాన్ని బట్టే మొత్తం ఎంత ఉందో అంచనా కడుతున్నాం. పైగా ఒకరు కొలిచినదానికీ ఇంకొకరు కొలిచినదానికీ తేడా వస్తుంది. ఛాతీ లావుగా ఉన్నవాళ్లలో బొమ్మ మసకగా వస్తుంది, అసలు ఈ కొలత అవసరమయ్యేది ఎక్కువగా వాళ్లకే. గుండె చుట్టూ నీరు చేరినా ఎకోలో నల్లగానే ఉంటుంది. కొవ్వు కాస్త మెరుపుగా ఉండి గుండెతో పాటు కదులుతుంది, అనుభవం ఉన్న కన్నే ఆ తేడా పడుతుంది. అందుకే ఎకో అంకెను సూచనగా తీసుకోవాలి, తీర్పుగా కాదు.

సీటీ దీనికి పూర్తిగా వేరు. పల్మనరీ ధమని రెండుగా చీలే చోటు నుంచి గుండె కొన దాకా ముక్కలు ముక్కలుగా బొమ్మలు తీసి, ప్రతి ముక్కలో పెరికార్డియం గీతను గుర్తిస్తారు. ఆ గీత లోపల మైనస్ 190 నుంచి మైనస్ 30 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో సాంద్రతను చెప్పే కొలమానం) మధ్య ఉన్న ప్రతి చుక్కనూ కంప్యూటర్ కొవ్వుగా లెక్కేస్తుంది. ఈ కొలమానంలో నీటి విలువ సున్నా, కొవ్వుది సున్నాకు దిగువ, ధమనిలో గట్టిపడ్డ క్యాల్షియానిది 130, ఆ పైన. చివరికి మిల్లీలీటర్లలో మొత్తం కొవ్వు పరిమాణం వస్తుంది. 125 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువని కొన్ని అధ్యయనాలు పరిగణించాయి గానీ, అందరూ ఒప్పుకున్న హద్దు ఇంకా లేదు. అమెరికాలో జరిగిన కొన్ని పెద్ద అధ్యయనాలు సంచికి లోపలి, బయటి కొవ్వులను కలిపి కొలిచాయి. అందుకే ఒక చోట చదివిన అంకెను మీ రిపోర్టుకు అతికించుకుని భయపడకండి.

ఈ కొలతకు వేరే స్కాన్ అక్కర్లేదు. ధమనుల్లో గట్టిపడ్డ క్యాల్షియం ఎంతుందో చెప్పే క్యాల్షియం స్కోర్ కోసం తీసే సీటీ బొమ్మలే చాలు. దానికి డై ఇంజెక్షన్ ఉండదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, రేడియేషన్ సుమారు 1 మిల్లీసీవర్ట్. మనం మామూలుగా బతుకుతూనే ఏడాదిలో ప్రకృతి నుంచి తీసుకునే మోతాదు కన్నా ఇది తక్కువే.

మరి క్యాల్షియం స్కోర్ ఉండగా కొవ్వు లెక్క ఎందుకు? ఈ ప్రశ్నకు మంచి జవాబు జర్మనీ నుంచి వచ్చింది. అక్కడి హైన్జ్ నిక్స్‌డార్ఫ్ అధ్యయనంలో సుమారు 4,000 మందికి స్కాన్ తీసి, ఎనిమిదేళ్ల పాటు గమనించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. ఎపికార్డియల్ కొవ్వు రెట్టింపు ఉన్నవాళ్లకు గుండెపోటు ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు ఉంది. క్యాల్షియం స్కోర్‌ను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ ముప్పు దాదాపు అంతే ఉంది. అంటే క్యాల్షియం చెప్పని సంగతి ఏదో కొవ్వు చెబుతోంది. క్యాల్షియం పాత గాయం మానిన మచ్చ లాంటిది, ధమనిలో ఇప్పటికే జరిగిపోయినదాన్ని చూపిస్తుంది. నలభై ఏళ్ల షుగర్ పేషెంటుకు స్కోర్ సున్నా వచ్చినా, ఇంకా గట్టిపడని మెత్తటి పూడిక లేదని హామీ ఇవ్వలేం.

అలాగని రెండింటినీ సమానంగా చూడలేను. ముందుకు రెండే అంకెలు పెట్టి ఒకటి ఎంచుకోమంటే క్యాల్షియం స్కోరే ఎంచుకుంటాను. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మొదలుపెట్టాలా వద్దా అని ఊగిసలాడేవారికి అది దారి చూపిస్తుందని 2019 నాటి అమెరికా మార్గదర్శకాలు కూడా గుర్తించాయి. కొవ్వు పరిమాణాన్ని బట్టి ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే నియమం అలా స్థిరపడలేదు.

అన్నిటికన్నా నాకు ఆశ కలిగించేది మూడో దారి, డై ఎక్కించి తీసే సీటీ యాంజియో. కొవ్వు ఎంత ఉందనే ప్రశ్నను వదిలి, ధమనిని అంటుకున్న కొవ్వు ఎలా ఉందో ఇందులో చూస్తారు. ధమని గోడలో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే, పక్కనున్న కొవ్వు కణాలు సరిగా ఎదగలేవు. వాటిలో కొవ్వు తగ్గి నీటి శాతం పెరుగుతుంది, స్కాన్‌లో విలువ మైనస్ 100 వైపు నుంచి సున్నా వైపు జరుగుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో చరాలంబోస్ ఆంటోనియాడిస్ బృందం ఈ సూత్రం మీదే కొలతను తయారుచేసింది. జర్మనీలోని ఎర్లాంగెన్, అమెరికాలోని క్లీవ్‌లాండ్ పేషెంట్లలో దాన్ని పరీక్షించి 2018లో ఫలితం చెప్పింది: కుడి కరోనరీ ధమని చుట్టూ విలువ మైనస్ 70.1, ఆ పైన (అంటే సున్నాకు ఇంకా దగ్గరగా) ఉన్నవారిలో గుండె జబ్బుతో మరణాలు స్పష్టంగా ఎక్కువ. 2024లో బ్రిటన్‌లో 40,000 మందికి పైగా పేషెంట్ల వివరాలతో ఇదే బృందం చేసిన అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. ఆ పేషెంట్లలో ఐదుగురికి నలుగురి చొప్పున పెద్ద బ్లాక్ ఏదీ లేదు. అయినా మొత్తం గుండె మరణాల్లో సుమారు మూడింట రెండు వంతులు వాళ్లలోనే జరిగాయి. ‘బ్లాక్ లేదు, నిశ్చింతగా ఉండండి’ అని ఇంటికి పంపించిన వాళ్లన్నమాట.

ఇంత మంచి పరీక్ష అయితే అందరూ చేయించుకోవచ్చు కదా? వద్దంటాను. రేడియేషన్ ఎక్కువ, డై ఎక్కించాలి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూసుకోవాలి, గుండె వేగం తగ్గించడానికి మాత్ర ఇవ్వాల్సి రావచ్చు. స్కానర్ వోల్టేజీని బట్టి కూడా ఆ విలువ మారుతుంది, కాబట్టి సరిదిద్దే సాఫ్ట్‌వేర్ లేకుండా ఊరికే చూసి చెప్పడం కుదరదు. నడిస్తే ఛాతీ పట్టేస్తోందని వచ్చిన వ్యక్తికి సీటీ యాంజియో అవసరమే, ఆ బొమ్మల్లోంచి కొవ్వు విలువ కూడా తీయగలిగితే అదనపు లాభం. ఏ లక్షణమూ లేనివాళ్లను ప్యాకేజీ పేరుతో ఈ స్కాన్‌కు పంపడం నాకు నచ్చదు. ఇక ఇప్పుడే ఛాతీలో నొప్పి, చెమటలు ఉన్నవారు ఏ స్కాన్ మేలా అని చూడొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి.

ఎంఆర్‌ఐ రేడియేషన్ లేకుండా కచ్చితంగా కొలుస్తుంది. ఖర్చు, సమయం రెండూ ఎక్కువ. పరిశోధనకు బాగుంటుంది, మామూలు పేషెంటుకు దీన్ని సూచించను.

కాబట్టి బీపీ, షుగర్, ఇంట్లో చిన్న వయసులో గుండెపోట్ల చరిత్ర ఉండి, స్టాటిన్ గురించి తేల్చుకోలేనివారికి డై లేని సీటీ మేలు. తీయించేటప్పుడు ‘ఎపికార్డియల్ కొవ్వు పరిమాణం కూడా రాయగలరా’ అని రేడియాలజిస్టును ముందే అడగండి, తర్వాత అడిగితే రాయించడం కష్టం. ఎకో చేయించుకుంటున్నవారు మందం మిల్లీమీటర్లలో రాయమనండి, ‘ఉంది’ అన్న మాట వల్ల ఉపయోగం లేదు. అంత ముప్పు లేనివారికి నడుము కొలిచే టేపు చాలు. సన్నటి చేతులు, కాళ్లు, ముందుకొచ్చిన పొట్ట మన ఇళ్లలో కొత్త కాదు. భారతీయుల్లో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే లోపలి కొవ్వు గురించి ఆలోచించాల్సిందే.

ఈ కొవ్వు తగ్గుతుంది కూడా. డెన్మార్క్‌లో పొట్ట ఉన్నవారి చేత 12 వారాలు వ్యాయామం చేయించి ఎంఆర్‌ఐతో కొలిచారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం చెమట పట్టే ఏరోబిక్ వ్యాయామంతో ఎపికార్డియల్ కొవ్వు 32 శాతం, బరువులు ఎత్తడంతో 24 శాతం తగ్గింది. సంచికి బయటి కొవ్వు మాత్రం బరువులు ఎత్తినవాళ్లలోనే తగ్గింది. నడక ఒక్కటే చాలనుకునే పెద్దవాళ్లకు ఈ సంగతి తప్పక చెప్పాలి. మందుల్లో లిరాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో ఆరు నెలల్లో 36 శాతం తగ్గినట్టు 2017లో ఇయాకోబెల్లిస్ బృందం ఎకోతోనే చూపించింది. వాళ్లంతా షుగర్ పేషెంట్లు, డాక్టర్ల పర్యవేక్షణలో ఉన్నవారు.

తగ్గిందో లేదో చూసుకోవడానికి సీటీ మళ్లీ మళ్లీ తీయించొద్దు. ఎకోలో చూడాలనుకుంటే ఆరు నెలలు ఆగి, అదే చోట, వీలైతే అదే డాక్టరు చేత చేయించుకోండి. ఒక మిల్లీమీటరు తేడాను తగ్గుదలగా లెక్కేయకండి, కొలతలో అంత తేడా మామూలే. ఈలోగా నెలకోసారి పరగడుపున, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, ఊపిరి వదిలాక నడుము కొలత రాసిపెట్టుకోండి.