హైబర్నేటా, రోమ్యాపరా?

మిర్యాలగూడ రైస్ మిల్లుకు వడ్ల కాంటా సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకోండి. డేటాబేస్ ఇచ్చే వరుసలను జావా ఆబ్జెక్టులుగా మార్చేదెలా? దారులు రెండు: ఆ మార్పును తనే చేసిపెట్టే హైబర్నేట్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) మనమే రాసి ఫలితాన్ని మార్చుకునే స్ప్రింగ్ రోమ్యాపర్.

ఖర్చు: రెండూ ఉచితమే.

రాత పని: హైబర్నేట్‌లో తక్కువ. స్ప్రింగ్ రోమ్యాపర్‌లో ప్రతి కాలమ్‌నూ మనమే తీసి పెట్టాలి, విసుగే.

రిస్క్: నన్నడిగితే హైబర్నేట్‌దే ఎక్కువ. 200 మంది రైతుల 200 కాంటా చీటీలు తెచ్చి, లూప్‌లో ఒక్కో రైతు పేరు అడిగితే, లేజీ లోడింగ్ (అడిగినప్పుడే డేటా తెచ్చే పద్ధతి) వల్ల 1 క్వెరీ (డేటాబేస్‌కు వేసే ప్రశ్న) కాస్తా 201 అవుతుంది. చీటీలతో పాటే రైతులనూ తెచ్చే జాయిన్ ఫెచ్ రాస్తే ఒక్కదాంతో పోతుంది. కానీ క్వెరీల లాగ్ తెరిచి చూస్తే గానీ సంగతి బయటపడదు. రోమ్యాపర్‌లో ఎస్‌క్యూఎల్ కళ్లముందే ఉంటుంది. కాకపోతే కాలమ్ పేరు మార్చినా కంపైలర్ నోరు మెదపదు, ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆగిపోతుంది.

రైతు, లారీ, బిల్లు ఒకదానికొకటి అల్లుకుని రోజూ మారుతుంటే హైబర్నేట్. సీజన్ లెక్కల రిపోర్టులే ఎక్కువైతే రోమ్యాపర్. ఒకే ప్రాజెక్టులో రెండూ వాడినా తప్పేం లేదు.