నరేంద్రనగర్ ఆనందా? ముస్సోరి జేడబ్ల్యూ మారియట్టా? కొండ మీద స్పా, విందు భోజనం కోసం ఏది మేలు?

డెహ్రాడూన్ జాలీ గ్రాంట్ విమానాశ్రయం నుంచి బయటికి రాగానే దారి రెండుగా చీలుతుంది. రిషికేశ్ మీదుగా పోతే గంట ప్రయాణంలో నరేంద్రనగర్, అక్కడ ‘ఆనందా ఇన్ ద హిమాలయాస్’. డెహ్రాడూన్ ఊరు దాటి ఘాట్ ఎక్కితే ముస్సోరి, ఆ ఊరు కూడా దాటి కెంప్టీ జలపాతం దారిలో ‘జేడబ్ల్యూ మారియట్ వాల్‌నట్ గ్రోవ్’. హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్‌కు నేరుగా విమానం ఉండడంతో మనవాళ్లకు రెండూ అందుబాటులోకి వచ్చాయి. రెండూ కొండ మీదివే, రెండింటిలోనూ పేరున్న స్పా, మంచి వంట. ఫొటోలు చూస్తే తేడా తెలియదు. అసలు తేడా ఏమిటంటే, ఆనందా చికిత్స చుట్టూ కట్టిన హోటల్. ముస్సోరిది కుటుంబం సెలవు గడపడానికి కట్టిన హోటల్, స్పా అందులో ఒక సదుపాయం. మిగతా తేడాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

మొదట తేల్చుకోవాల్సింది మీకెన్ని రాత్రులు ఉన్నాయన్నది. ఆనందాలో గది విడిగా, మసాజ్ విడిగా కొనుక్కునే పద్ధతి తక్కువ. అక్కడ అమ్మేది కార్యక్రమం: డాక్టరు పరీక్ష, మూడు పూటలా భోజనం, రోజువారీ చికిత్సలు, యోగా, ధ్యానం, వేదాంత తరగతులు కలిపి ఒకే ధర. ఒత్తిడి తగ్గించుకోవడానికో, నిద్ర కుదుటపడడానికో వెళ్లేవాళ్లు కనీసం 5 నుంచి 7 రాత్రులు ఉండేలా చూసుకోవాలి. ఒంట్లోని దోషాలను బయటికి పంపే ఆయుర్వేద చికిత్స పంచకర్మకు 14 లేదా 21.

పంచకర్మకు అన్ని రోజులు ఎందుకని చాలామంది అడుగుతారు. పంచకర్మలో ఒకటైన విరేచనానికి (మందుతో కడుపు ఖాళీ చేయించడానికి) ముందు, మందు కలిపిన నెయ్యిని మోతాదు పెంచుకుంటూ 3 నుంచి 7 రోజులు తాగించాలి. ఆ తర్వాత నూనె మర్దన, ఆవిరి పట్టడం. ఆపైన ఒక్క రోజు విరేచనం. అది అయ్యాక పలుచని గంజితో మొదలుపెట్టి, మెత్తటి అన్నం, పెసరకట్టు, అలా మెట్టు మెట్టుగా మామూలు భోజనానికి తేవాలి. ఆయుర్వేదంలో దీన్ని సంసర్జన క్రమం అంటారు. ఇది చేయకపోతే అరుగుదల దెబ్బతిని, వెళ్లినప్పటికంటే నీరసంగా ఇంటికి వస్తారు. కాబట్టి ఏ రిసార్టు అయినా సరే, మూడు రాత్రుల పంచకర్మ అని అమ్మితే దానిలో దొరికేది మర్దన, ఆవిరి మాత్రమే. ఆ మర్దన బాగానే ఉండొచ్చు, కానీ పంచకర్మ ధర పెట్టకండి.

స్పాలో జరిగే పని కూడా రెండు చోట్లా ఒకటి కాదు. ఆయుర్వేద పద్ధతిలో ముందు నూనె, తర్వాత ఆవిరి. నూనె పట్టిన ఒంటికి చెమట పట్టించడమే అక్కడ ఉద్దేశం. మారియట్‌లోని సెడార్ స్పా ఫ్రెంచి సౌందర్య సాధనాల సంస్థ లాక్సిటాన్‌తో కలిసి నడిచేది. పాశ్చాత్య పద్ధతిలో ఆవిరి గదిలో పది నిమిషాలు కూర్చుని కండరాలు వదులయ్యాక మసాజ్‌కు వెళ్లాలి. ఈ వరస తెలియక మసాజ్ అయ్యాక ఆవిరి గదికి వెళ్తే పూసిన సుగంధ తైలమంతా చెమటలో పోతుంది. పైగా కొందరికి కళ్లు తిరుగుతాయి. ఆవిరి, సానా ఏదైనా ఒక విడతకు 10 నుంచి 15 నిమిషాలు చాలు. మద్యం తాగి వెళ్లకూడదు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగే వెళ్లాలి.

శిరోధార చేయించుకోవాలని ఉంటే ఆనందాకే వెళ్లండి. నుదుటికి నాలుగు వేళ్ల ఎత్తులో వేలాడే పాత్ర, దాని అడుగున రంధ్రం, రంధ్రంలోంచి దిగిన వత్తి. ఆ వత్తి వెంట గోరువెచ్చని నూనె సన్నని ధారగా పడుతూ ఉంటుంది, చికిత్స చేసే మనిషి పాత్రను ఈ కణత నుంచి ఆ కణత వరకు మెల్లగా ఊపుతుంటారు. అరగంట పైగా ధార తెగకూడదు, వేడి తగ్గకూడదు. జారిన నూనెను మళ్లీ వెచ్చబెట్టి పోస్తూనే ఉండాలి. కనీసం రెండు చేతులకు పూర్తి పని ఇది. అందుకే చేయి తిరిగినవాళ్లు ఉన్నచోటే చేయించుకోవాలి. అయ్యాక తలలో నూనె కొన్ని గంటలు ఉంటుంది కనుక గాలికి తిరగడం, ఈత, ఎండ వద్దంటారు. ఆ పూట వేరే ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి.

నరేంద్రనగర్‌కూ నూనెకూ ఇంకో బంధం ఉంది. ఆనందా ఉన్నది టెహ్రీ గఢ్వాల్ రాజుల ప్యాలెస్ ఎస్టేట్‌లో. బదరీనాథ్ గుడి తలుపులు ఎప్పుడు తెరవాలో ఏటా వసంత పంచమి నాడు నరేంద్రనగర్ రాజదర్బారులోనే ప్రకటిస్తారు. స్వామి అభిషేకానికి వాడే నువ్వుల నూనెను కూడా ముత్తైదువలు ఇక్కడే తీసి కుండకెత్తి పంపుతారు. ఆ కుండను గాడూ ఘడా అంటారు.

ఆనందాకు వెళ్లేవాళ్లు ముందే సర్దుకోవాల్సినవి రెండు మూడు ఉన్నాయి. నెలసరి రోజుల్లో చాలా చికిత్సలు చేయరు, అందుకని తేదీలు చూసుకునే బుక్ చేయాలి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి: ఆహారం ఒక్కసారిగా తగ్గితే అదే మోతాదు మాత్రకు షుగర్ పడిపోవచ్చు. బయల్దేరే ముందే మీ డాక్టరుతో మోతాదు మాట్లాడుకుని, ప్రిస్క్రిప్షన్ వెంట తీసుకెళ్లండి. 14 ఏళ్లలోపు పిల్లలను మామూలు రోజుల్లో తీసుకోరు. బట్టలు ఎక్కువ మోయనక్కర్లేదు, తెల్లని కుర్తా పైజామా రోజూ ఉతికినవి వాళ్లే ఇస్తారు.

మారియట్ స్పాలో తలనొప్పి ఒకటే, వేళ దొరకడం. శనివారం సాయంత్రాలు అందరూ ఒకేసారి అడుగుతారు. వెళ్లాక చూద్దాం అనుకుంటే రాత్రి భోజనం వేళకు కుదురుతుంది, లేదా కుదరదు. గది బుక్ అయిన రోజే ఫోన్ చేసి, ఉదయం 11 ప్రాంతం అడగండి. టిఫిన్‌కూ మసాజ్‌కూ మధ్య రెండు గంటలు ఉండాలి, నిండు కడుపుతో బోర్లా పడుకుంటే పుల్లటి త్రేన్పులే మిగులుతాయి.

ఇక భోజనం. విందు భోజనమే ముఖ్యమైతే ముస్సోరే మేలు, ఇందులో సందేహం లేదు. ఆనందాలో మెనూ వాత, పిత్త, కఫ ప్రకృతుల ప్రకారం ఉంటుంది. డాక్టరు మీ ప్రకృతి ఏమిటో చెప్పాక దాన్ని బట్టి వడ్డిస్తారు. నూనె, ఉప్పు, కారం అన్నీ మితం. వంట నాజూగ్గా ఉంటుంది, పదార్థాలు తాజావి, లోయ మీదికి చాచిన డెక్ మీద కూర్చుని తినడం ఎంతో హాయి. కానీ గుంటూరు కారానికి అలవాటు పడ్డ నాలుకకు మొదటి రెండు రోజులు చప్పగా ఉంటుంది. పెట్టెలో కారప్పొడి, ఆవకాయ పట్టుకెళ్తే మాత్రం అంత డబ్బు పోసి చేయించుకున్న చికిత్సను చేతులారా చెడగొట్టుకున్నట్టే.

మారియట్‌లో రకాలు ఎక్కువ. బఫే ఉండే జేడబ్ల్యూ కేఫే, ఇటాలియన్ వంటల విస్టేరియా డెక్, వేడి ఇనప పెనం ముందు కూర్చోబెట్టి కళ్లెదుటే వండిపెట్టే టెప్పాన్. టెప్పాన్‌లో పెనం చుట్టూ సీట్లు కొన్నే ఉంటాయి, ముందు రోజే చెప్పి ఉంచాలి. శుద్ధ శాకాహారులు ఒక మాట తప్పక అడగాలి: అదే పెనం మీద చేపా మాంసమూ వండుతారు కనుక, మీకు విడిగా వంటింట్లో చేసి తెస్తారా అని. అడిగితే ఏర్పాటు చేస్తారు, అడగకపోతే ఎవరికీ తట్టదు. విస్టేరియా డెక్ ఆరుబయట కూర్చునే చోటు, వాన రోజుల్లో దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఈ భోజనాల దగ్గరే డబ్బు లెక్క తప్పుతుంది. గది రేటు పక్కన సీపీ అని రాస్తే గదీ టిఫినూ. ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం. ఏపీ అంటే మూడు పూటలూ. ఎంఏపీలోని ఆ ఒక్క భోజనం మామూలుగా బఫేకే వర్తిస్తుంది. విడి రెస్టారెంట్‌లో తింటే ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గిస్తారా లేదా అన్నది ఈ-మెయిల్‌లో రాయించుకోండి. తగ్గించకపోతే సీపీ తీసుకుని హోటల్‌లోనే నచ్చిన రెస్టారెంట్‌లో విడిగా తినడమే నయం, కొండదారిలో బయటికెళ్లి భోంచేసి రావడం మాత్రం అయ్యే పని కాదు. రాత్రికి 7,500 రూపాయలు దాటిన గదికి 18 శాతం జీఎస్టీ పడుతుంది: 30,000 అని కనబడిన గది 35,400 అవుతుంది. బిల్లులో సర్వీస్ ఛార్జి వేస్తే కట్టి తీరాలని లేదు, అది తప్పనిసరి చేయకూడదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది. ఆనందాలో భోజనం, చికిత్స ధరలోనే ఉంటాయి కనుక మొదట చూసిన అంకె గుండె గుభేల్‌మనిపించినా, పన్ను పోను చివరి బిల్లు దానికి దగ్గరలోనే ఉంటుంది. ముస్సోరిలో మొదటి అంకె చిన్నది, చివరి బిల్లు పెద్దది. నలుగురి కుటుంబం మూడు రాత్రులు ఉంటే ఆ తేడా బాగా తెలుస్తుంది.

కొండ అనుభవం కావాలంటే ఎత్తు చూడాలి. ముస్సోరి సుమారు 2,000 మీటర్లు, ఆనందా వెయ్యి మీటర్ల ప్రాంతం. మే, జూన్ మధ్యాహ్నాల్లో ఆనందాలో ఎండ బాగానే తగులుతుంది, ముస్సోరిలో చల్లగా ఉంటుంది. చలికాలంలో ముస్సోరిలో అప్పుడప్పుడూ మంచు పడుతుంది, అక్టోబరు నుంచి జనవరి మొదటి వరకు సూర్యాస్తమయం వేళ పడమటి దిక్కున వింటర్ లైన్ అనే నారింజ రంగు గీత కనబడుతుంది. ఆనందాలో లోయవైపు గది తీసుకుంటే గంగ, రాత్రికి రిషికేశ్ దీపాలు కనిపిస్తాయి. తోట వైపు గదికి ధర తక్కువ. రోజంతా స్పాలోనే గడిపేవాళ్లకు అదే చాలు.

దారి విషయంలో రెండింటికీ చెడ్డ రోజులున్నాయి. మే, జూన్ వారాంతాల్లో ముస్సోరి లైబ్రరీ చౌక్ దగ్గర బండ్లు గంటల తరబడి కదలవు, హోటల్ దాన్ని దాటాకే ఉంది. ఉత్తరాది శ్రావణంలో (మన ఆషాఢ బహుళంలో) భక్తులు గంగాజలం మోసుకెళ్లే కాంవడ్ యాత్ర రోజుల్లో హరిద్వార్, రిషికేశ్ రోడ్లు కిక్కిరిసిపోతాయి. చార్‌ధామ్ యాత్ర మొదలైన తొలి వారాలూ అంతే. జులై నుంచి సెప్టెంబరు సగం దాకా రేట్లు తగ్గినా కొండచరియలు విరిగిపడే కాలం, పెద్దవాళ్లతో వెళ్లొద్దు. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు, లేదా ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్, అదీ ఆదివారం చేరి గురువారం తిరిగొచ్చేలా పెట్టుకుంటే రోడ్డూ ధరా రెండూ కలిసొస్తాయి.

పిల్లలుంటే ముస్సోరి. అక్కడ బౌలింగ్, లోపలే వెచ్చని నీళ్ల ఈతకొలను ఉన్నాయి. రెండు మూడు రాత్రులే ఉంటే కూడా ముస్సోరే. మాల్ రోడ్డుకు నడిచి వెళ్లాలనుకుంటే మారియట్ కాదు, 1902లో తెరిచిన సావోయ్ చూడండి. అయిదు రాత్రులు పైబడి, ఆరోగ్యం కోసమే వెళ్తుంటే ఆనందా. గంగ ఒడ్డునే ఉండాలనిపిస్తే రిషికేశ్ దాటి సింగ్‌తాలీ దగ్గర తాజ్ ఉంది. దర్శనం, యాత్రే ముఖ్యమైతే ఇవేవీ అక్కర్లేదు, రిషికేశ్‌లో టీటీడీ ఆంధ్రా ఆశ్రమం ఉండనే ఉంది.

వారం రోజులుండి రెండూ చూడాలంటే ముందు ముస్సోరి, తర్వాత ఆనందా. తిరగేస్తే మితాహారంతో కుదుటపడిన కడుపును బఫేకు అప్పగించినట్టవుతుంది. ఒక చోటు నుంచి ఇంకో చోటికి డెహ్రాడూన్ మీదుగా మూడు గంటలు. ధనౌల్టి, చంబా మీదుగా అయితే ఇంకా ఎక్కువ పడుతుంది, అంతా మలుపులే. కానీ దేవదారు అడవి, ఆకాశం తేటగా ఉంటే మంచు కొండలు ఆ దారిలోనే కనబడతాయి. నరేంద్రనగర్‌కు ముందు హిండోలాఖాల్ దగ్గర కుంజాపురి అమ్మవారి గుడికి మలుపు వస్తుంది, పైన సుమారు 300 మెట్లు. వాంతులయ్యేవాళ్లు గంట ముందు మాత్ర వేసుకుని ముందు సీట్లో కూర్చోవాలి. ముస్సోరిలో ఉదయం 8కే బయల్దేరితే గుడి చూసుకుని మధ్యాహ్నానికి ఆనందా చేరి, ఆ సాయంత్రమే డాక్టరు పరీక్ష పూర్తి చేసుకోవచ్చు. అలా అయితే మర్నాడు ఉదయం నుంచే చికిత్స మొదలవుతుంది, ఒక రోజు వృథా కాదు.