గోడ గడియారానికి ఐపీ: చేత్తో ఇవ్వాలా, దానంతటదే తెచ్చుకోవాలా?

నెట్‌వర్క్ గడియారాలు కొన్నాక మొదటి తలనొప్పి టైమ్ కాదు, అడ్రస్. కరెంటు, డేటా ఒకే కేబుల్‌లో వచ్చే పీఓఈ గడియారమైతే వైరు గుచ్చగానే వెలుగుతుంది. కానీ ఎన్‌టీపీ సర్వర్‌ను (నెట్‌వర్క్‌లో సరైన టైమ్ చెప్పే కంప్యూటర్‌ను) టైమ్ అడగాలంటే ముందు దానికంటూ ఒక ఐపీ, అంటే నెట్‌వర్క్ అడ్రస్, ఉండాలి. మా కాలేజీలో 26 గడియారాలకు మూడు పద్ధతులూ వాడి చూశాం.

మొదట స్టాటిక్ ఐపీ, అంటే చేత్తో రాసి పెట్టే మారని అడ్రస్. ఒక్కో గడియారాన్నీ ల్యాప్‌టాప్‌కు తగిలించి అడ్రస్, గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే రౌటర్ అడ్రస్), ఎన్‌టీపీ సర్వర్ టైప్ చేసి ఎక్సెల్‌లో రాసుకున్నాం. ఏడాది బాగానే నడిచింది. తర్వాత నెట్‌వర్క్ 192.168 నుంచి 10 సిరీస్‌కు మారింది. కంప్యూటర్లు వాటంతటవే సర్దుకున్నాయి, గడియారాలు మాత్రం పాత గేట్‌వేనే పట్టుకుని కూర్చున్నాయి. ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఏదీ ఆగలేదు. లోపలి క్వార్ట్జ్ క్రిస్టల్ మీద నడుస్తూనే ఉన్నాయి. మామూలు క్రిస్టల్ రోజుకు ఒకటి రెండు సెకన్లు తప్పుతుంది. ఒకటి ముందుకు, ఇంకొకటి వెనక్కి. రెండు నెలలకు పక్కపక్క పరీక్ష హాళ్ల మధ్య మూడు నిమిషాల తేడా. ఒక హాల్లో పేపర్లు తీసేసుకుంటుంటే గోడ అవతల పిల్లలు తాపీగా రాస్తున్నారు. ఆ తర్వాత రెండు రోజులు నిచ్చెన మోసుకుని తిరిగాం.

రెండోది ఏ సర్వరూ లేని పద్ధతి. అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాకపోతే గడియారం 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి తనే ఎంచుకుంటుంది. పేరు సంగతి ఎండీఎన్‌ఎస్ అనే పద్ధతి చూసుకుంటుంది: 'ఈ పేరు నాది, అభ్యంతరమా?' అని 5353 పోర్టులో అందరికీ వినబడేలా ఒక కేక. డాట్ లోకల్ పేర్లు అలా వచ్చినవే. ఇంట్లో ఒకటో రెండో ఉంటే ఇంతకన్నా సుఖం లేదు. కానీ ఆ కేక రౌటర్ దాటదు. ఆఫీసు కంప్యూటర్లు ఒక వీల్యాన్‌లో (విడిగా విభజించిన నెట్‌వర్క్ భాగంలో), గడియారాలు ఇంకో వీల్యాన్‌లో ఉంటే ఎంత పిలిచినా పలకవు. 169.254 అడ్రస్‌తో రౌటర్ అవతలి టైమ్ సర్వర్‌నూ అందుకోలేవు.

చివరికి స్థిరపడింది డీహెచ్‌సీపీ రిజర్వేషన్ దగ్గర. గడియారం వెనక స్టిక్కర్ మీది మాక్ అడ్రస్‌ను (కంపెనీ ఒక్కో పరికరానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యను) సర్వర్‌లో రాస్తే ఎప్పుడూ అదే ఐపీ వస్తుంది. ఐపీతో పాటు ఆప్షన్ 42లో ఎన్‌టీపీ సర్వర్ ఐపీ, ఆప్షన్ 100లో టైమ్ జోన్ కూడా పంపొచ్చు. కొన్ని మోడళ్లు ఇవేవీ పట్టించుకోవు, కొనేముందే అడగండి. టైమ్ జోన్ దగ్గర మేమూ బోల్తా పడ్డాం. ఇందులో గుర్తు తిరగేసి ఉంటుంది, ఐఎస్‌టీ-5:30 అని మైనస్‌తో రాయాలి. తెలియక ప్లస్ పెడితే ఉదయం పదింటికి గడియారం రాత్రి పదకొండు చూపించింది.

దీనికీ ఒక లోటుంది. కరెంటు పోయి వస్తే గడియారాలు అర నిమిషంలో లేస్తాయి, సర్వర్ లేవడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. మంచి గడియారం మళ్లీ మళ్లీ అడుగుతుంది, చౌక రకం 169.254 తీసుకుని ఊరుకుంటుంది. అయినా నిచ్చెన అక్కర్లేదు. కుర్చీలోంచే స్విచ్‌లో ఆ పోర్టుకు పీఓఈ ఆపి మళ్లీ ఇస్తే సరి.

ఆప్షన్ 42లో ఐపీలే పడతాయి, వాటిని సర్వర్‌లో ఒక్కచోట మార్చుకోవచ్చు. గడియారంలోనే టైమ్ సర్వర్ రాయాల్సి వస్తే మాత్రం ఐపీతో కాకుండా పేరుతోనే ఇవ్వండి. 2003లో నెట్‌గేర్ రౌటర్లలో విస్కాన్సిన్ యూనివర్సిటీ టైమ్ సర్వర్ ఐపీని ఫర్మ్‌వేర్‌లోనే (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే) రాసేయడంతో లక్షల రౌటర్లు దాని మీద పడ్డాయి. పేరైతే, పేర్లను ఐపీలుగా మార్చే డీఎన్‌ఎస్‌లో ఇంకోవైపు మళ్లించొచ్చు.

ఇక గడియారాల పేర్లు. కంపెనీ నుంచి మాక్ చివరి అంకెలతో వస్తాయి, అవి మనిషికి గుర్తుండవు. మేము 'కెమిస్ట్రీ-ల్యాబ్' లాంటివి పెట్టాం. సున్నం వేసేటప్పుడు అన్నీ దించారు, తిరిగి ఎక్కడ మేకు కనిపిస్తే అక్కడ తగిలించారు. ఇప్పుడు కెమిస్ట్రీ-ల్యాబ్ ప్రిన్సిపాల్ గదిలో ఉంది. అందుకే ఈసారి 'గడియారం-14' అని ఉత్త నంబరే పెట్టి, అదే నంబరు ముందు గాజు మీద అంటించాం. ఏ గదిలో ఉందో డీహెచ్‌సీపీ సర్వర్ కామెంట్‌లో రాస్తాం.