టోక్యోలో హలాల్ వంటిల్లు: హలాల్ షాపా, సూపర్ మార్కెట్టా, చేపలతో సరిపెట్టుకోవడమా?

కర్నూలులో ఉన్నన్నాళ్లు హలాల్ గురించి నేను ఒక్కరోజూ ఆలోచించలేదు. వీధి చివర కసాయి భాయ్ ఉండేవాడు, అంతే. మా అమ్మమ్మ ఊళ్లో అయితే హిందువుల ఇళ్లలో పొట్టేలును కోసేటప్పుడు కూడా ముల్లాను పిలిచి హలాల్ చేయించేవాళ్లు. పెళ్లయి టోక్యో వచ్చి నిషి కసాయ్‌లో కాపురం పెట్టాకే ప్రతి ముద్దకీ లెక్క చూసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు కొత్తగా వచ్చే మన పిల్లలు ఫోన్ చేసి "అక్కా, మాంసం ఎక్కడ కొనాలి?" అని అడుగుతుంటారు. ముందున్నవి మూడు దారులు. మూడూ నడిచి చూశాను కాబట్టి చెప్తున్నాను.

అమెరికా, బ్రిటన్‌లలో ఉండేవాళ్లు కొందరు యూదుల కోషర్ మాంసం కొంటారు. కితాబులు ఉన్నవాళ్లు, అంటే దైవగ్రంథం అందుకున్న యూదులు, క్రైస్తవులు కోసింది కదా అన్నది వాళ్ల ఆధారం. జపాన్‌లో బౌద్ధ, షింటో సంప్రదాయాలవాళ్లే ఎక్కువ. అందుకని హలాల్ ముద్ర లేని మామూలు మాంసానికి ఆ దారి ఇక్కడ లేదు.

మొదటిది హలాల్ షాపు. షిన్ ఒకుబో స్టేషన్ దగ్గర ఇస్లామిక్ యోకోచో అని పిలిచే సందు ఉంది. మసాలాలు, పప్పులు, బాస్మతి, ఫ్రీజర్ల నిండా మాంసం. మా ఇంటి నుంచి తోజాయ్ లైన్‌లో తకదనోబాబా, అక్కడ యామనోతే లైన్‌కి మారితే ఒక్క స్టాపు. వచ్చేటప్పుడు ఐదు కిలోల మాంసం ఐస్ బ్యాగులో మోసుకుంటూ, చంటిదాన్ని చంకనేసుకుని రైల్లో నిలబడటం మాత్రం తేలిక కాదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే చల్లటి పెట్టెలో ఇంటికే పంపుతున్నారు. డెలివరీ ఖర్చు కలిసిరావాలంటే ఒకేసారి ఎక్కువ కొనాలి, మా అద్దింటి ఫ్రీజరేమో చిన్నది.

రెండోది సూపర్ మార్కెట్. గ్యోము సూపర్ లాంటి చోట్ల హలాల్ ముద్ర ఉన్న బ్రెజిల్ కోడి దొరుకుతుంది. నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు, ధరా తక్కువే. అయితే ప్రతి ప్యాకెట్ మీదా ముద్ర ఉండదు. బ్రెజిల్ నుంచి వచ్చిందంతా హలాలే అనుకుని తీసుకోకండి, ప్యాకెట్ తిప్పి చూడండి.

కొత్తవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే. హలాల్ షాపు కోడి వేరు, సూపర్ మార్కెట్ కోడి వేరు అనుకుంటారు. షాపు ఫ్రీజర్‌లో ఉండేదీ చాలాసార్లు బ్రెజిల్ కోడే. కోసే ముందు తక్కువ కరెంటుతో స్పృహ తప్పించడం, చేత్తో కాకుండా యంత్రంతో కోయడం, వీటి మీద ఉలమాల్లో (మత పండితుల్లో) అభిప్రాయభేదం ఉంది. చేత్తో కోసిందే తింటాం అనే ఇళ్లను నేను గౌరవిస్తాను. అలాంటివాళ్లు షాపు భాయ్‌ని ధైర్యంగా అడగాలి, ప్యాకెట్ మీద సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు చూసుకోవాలి. షాపు బోర్డు మీద హలాల్ అని రాసి ఉన్నంత మాత్రాన అడగడం మానకూడదు.

మరి షాపు దేనికి మేలు? మటన్‌కి. ఆస్ట్రేలియా మటన్ ఎముకలతో సహా ముక్కలు కొట్టి అమ్ముతారు. సూపర్ మార్కెట్‌లో ఎక్కువగా దొరికేది ఎముక లేని కోడి తొడ మాంసం. అది వేపుడుకి బాగుంటుంది కానీ పులుసుకి, దాల్చాకి రుచి రాదు. రంజాన్ నెలలో హలీమ్ చేయాలంటే నేను షిన్ ఒకుబో వెళ్లాల్సిందే.

మూడోది చేపలు, కూరగాయలు. మాంసం టెన్షనే వద్దనుకునేవాళ్లు ఇటు వస్తారు. జపాన్‌లో చేపలకి లోటేముంది అంటారు, నిజమే. కానీ మన తెలుగు ముస్లింలలో ఎక్కువమంది హనఫీ అనే ధర్మశాస్త్ర పద్ధతిని పాటించేవాళ్లం. పీత, ఆక్టోపస్, స్క్విడ్, గవ్వచేపలు మనం తినం. రొయ్యల దగ్గర కూడా కొందరు వెనకాడతారు. మా పైఅంతస్తు ఇండోనేషియా ఆవిడది షాఫియీ అనే మరో పద్ధతి, ఆమెకి అవన్నీ చెల్లుతాయి. ఆమె బుట్ట చూసి మనం కొనలేం. ఇంకో చిక్కు ఏమిటంటే, సిద్ధంగా నానబెట్టి అమ్మే చేపల్లో చాలావాటికి మిరిన్ (వంటలో వాడే తియ్యటి బియ్యపు మద్యం) పట్టిస్తారు. మిరిన్‌లో దాదాపు 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. పచ్చి చేప గానీ, ఒట్టి ఉప్పు పట్టించిన షియో సాబా గానీ తీసుకుంటే ఆ బాధ లేదు. సాబా అంటే మన కానాగంత లాంటి చేపే. చింతపండు పులుసులో అద్భుతంగా ఉంటుంది.

ఈ మూడింట్లో మా ఇంట్లో నిలిచింది ఇదీ: వారం రోజులకి ముద్ర చూసిన సూపర్ మార్కెట్ కోడి, రెండు పూటలు చేప, నెలకోసారి షాపు మటన్. ఎవరైనా ఒక్కటే చెప్పమంటే చేపల దారికి ఓటెయ్యను. పిల్లలున్న ఇంట్లో అది ఎక్కువ రోజులు సాగదు. రెండో నెలకే బయటి చికెన్ మీద మనసు పోతుంది.

నాకు దెబ్బ తగిలింది మాత్రం మాంసం దగ్గర కాదు. వచ్చిన కొత్తలో బంగాళాదుంప, క్యారెట్ బొమ్మలున్న కర్రీ ముద్దల (నీళ్లలో కరిగించి కూర చేసుకునేవి) డబ్బా ఒకటి కొన్నాను. ఒట్టి కూరగాయలే వేసి వండాను. పక్కింటి ఆపా డబ్బా తీసుకుని వెనక ఒక అక్షరం మీద వేలు పెట్టింది. ఎడమ పక్క చిన్న నిచ్చెన, కుడి పక్క పైన అడ్డగీత, దాని కింద పక్కటెముకల్లా వంకర గీతలు. బుటా, పంది. అందులో కలిపింది పంది కొవ్వు. కుండెడు కూర పారబోసి, గిన్నెలన్నీ మూడేసి సార్లు కడిగాను. తెలియక చేసినదానికి పాపం లేదని ఆపా ఎంత చెప్పినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఆ ఒక్క అక్షరాన్ని ముందు గుర్తుపట్టడం నేర్చుకోండి. తర్వాత రాడో (పంది కొవ్వు), జెరాచిన్ (జెలటిన్), షోటోనింగు (షార్టెనింగ్ అనే గట్టి కొవ్వు), న్యూకాజాయ్ (నూనె, నీళ్లు కలిసేలా చేసే ఎమల్సిఫైయర్), షుసే (కలిపిన ఆల్కహాల్). న్యూకాజాయ్ పక్కన దైజు యురాయ్ అని ఉంటే సోయా నుంచి తీసిందని అర్థం. ఎలర్జీ పట్టికను మాత్రమే నమ్ముకోకండి. గుడ్డు, పాలు, గోధుమ లాంటివి అందులో తప్పనిసరిగా చూపాలి. పంది మాంసం, జెలటిన్ 'చూపితే మంచిది' అనే వరుసలో ఉన్నాయి.

పెద్దమ్మాయి స్కూల్లో చేరాక ఇంకో తూకం వచ్చింది: స్కూలు భోజనమా, ఇంటి డబ్బానా? స్కూలు నెలవారీ మెనూ పంపుతుంది. నెలాఖరున ఎర్ర పెన్నుతో కూర్చుని చెల్లనివి కొట్టేస్తాను. ఆ రోజుల్లో అదే రకం వంటకం ఇంట్లో చేసి పంపుతాను. వాళ్లకి పంది కట్‌లెట్ ఉన్న రోజు మాది కోడి కట్‌లెట్. పనిగంటలు కుదరని తల్లులు నెలంతా ఇంటి డబ్బానే పంపుతారు, అదీ మంచిదే. నేను మొదటిదాన్ని ఎంచుకున్నది మా పాప అన్నం, పాలు, పండు అందరితో కలిసి తింటుందని. మొన్న డబ్బా తెరిచి చూపించింది, ఖాళీ. పక్క పిల్ల ఒక ముక్క అడిగి తినిందట.